ఆరింది అనే మాట

జనవరి 8

ఈ రోజు కొత్త సంప్ దింపాం. బంకులో పెట్రోలు పోసే పంపు కింద, నేలలో కూర్చునే ఫైబర్ తొట్టి. పైన ఎక్కడ కారినా మట్టిలోకి పోకుండా పట్టుకోవాల్సింది ఇదే. పైపు తొట్టిలోకి దూరే చోట చుట్టూ ఎపాక్సీ, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు, పట్టించాం. పాత తొట్టి సరిగ్గా అక్కడే చిట్లింది.

బంకు గోడ అవతల అక్కా వాళ్ల ఇల్లు. గోడ పక్కనే వాళ్ల బావి. పాతదాంట్లోంచి కారింది కొంచెమే కాబట్టి బావి దాకా రాలేదు. ఇంకోసారి కారితే వస్తుంది.

పని నాదీ బావదీ. బావ చేయి నాకన్నా వేగం. నోరు ఇంకా వేగం. ఎపాక్సీ కలుపుతున్నావా, దానికి జోల పాడుతున్నావా అన్నాడు.

మిగిలినదాన్ని కప్పుతో సహా బంకు ఆఫీసులో పెట్టాను. కాసేపటికి పట్టుకుంటే చేయి కాలింది. పొయ్యి లేదు, ఎండ లేదు. రెండు చల్లటి ద్రవాలు కలిసి తమంతట తామే వేడెక్కాయి. ఎన్నేళ్లుగానో చూస్తున్నాను. ఇప్పటికీ ఆ కప్పును కింద పెట్టబుద్ధి కాదు.

జనవరి 9, ఉదయం

మాది కొండ మీది ఊరు. రాత్రి కుళాయిలో నీళ్లు గడ్డకట్టాయి.

కప్పులోది రాయి. గుంతలోకి దిగి గోరుతో నొక్కితే పైపు చుట్టూ జాయింటూ రాయే. ఆరింది అన్నాడు బావ. సైట్ సూపర్‌వైజర్ బొటనవేలు ఆనించి, ఆరిందయ్యా, రేపు ట్యాంకర్‌ని రమ్మంటా అన్నాడు. నేనూ తలూపాను.

మధ్యాహ్నం

మరిచిపోయిన టేపు కోసం మళ్లీ గుంతలోకి దిగాను. ఎండ ఏటవాలుగా జాయింటు మీద పడుతోంది. లేస్తూ దానికి చేయి ఆనించాను. వేలిముద్ర పడింది.

పొద్దున రాయి. ఇప్పుడు మైనం.

చలికి బిగుసుకుంది తప్ప నిజంగా గట్టిపడలేదు. చలికి కొబ్బరినూనె కూడా గడ్డకడుతుంది. దాన్ని ఆరింది అని ఎవరంటారు?

బావకు చెబితే ముందు నవ్వాడు. గుంతలోకి దిగి చూశాక నవ్వలేదు. మరి కప్పులోది గట్టిపడింది కదా అన్నాడు. అక్కడే ఇద్దరం మోసపోయాం. కప్పులోది ముద్ద. పైగా వెచ్చటి గదిలో ఉంది. తన వేడిని తానే దాచుకుంది. పైపు చుట్టూ ఉన్నది పలచని పూత. పుట్టిన వేడిని పుట్టినట్టే చల్లటి నేల లాగేసుకుంది.

సాయంత్రం

లెక్కలు రాయడం అయిపోయింది. ఆ మాట మాత్రం వదలడం లేదు.

బట్ట ఆరింది అన్నట్టే ఎపాక్సీని కూడా ఆరింది అంటాం. బట్ట ఆరితే దానిలోంచి నీళ్లు పోతాయి. ఎపాక్సీలోంచి ఏదీ పోదు. దీపం ఆరినా ఆరిందే అంటాం. గుంతలో జరిగింది అది. లోపలి మంట ఆరింది. మేమంతా పొద్దున సరైన మాటే అని, తప్పు అర్థం చేసుకున్నాం.

ఆరింది మళ్లీ అంటుకుంటుందా? ఎపాక్సీ కంపెనీకి ఫోన్ చేశాను. వెచ్చబెడితే ఆగిన చోటి నుంచి మొదలవుతుంది, మధ్యలో పైపు కదిలి ఉండకూడదు అన్నారు. కదిలి ఉంటే జాయింటు కోసేసి మళ్లీ మొదటికే. కదిలిందో లేదో మాకు తెలీదు.

సూపర్‌వైజర్‌కి చెప్పాను. నా వేలూ అబద్ధమే చెప్పిందన్నమాట అని, ట్యాంకర్‌ని ఆపాడు.

జనవరి 10

బొగ్గుల కుంపటి దించుదాం అన్నాడు బావ. పెట్రోలు బంకులో. గోడ అవతల అక్క వింది. ముందు ఆ కుంపటి నీ బుర్రలో పెట్టి చూడు, అక్కడైతే అంటుకోవడానికి ఏమీ లేదు అంది.

దారి చూపింది కూడా తనే. నడుంనొప్పికి కాపడం పెట్టుకునే రబ్బరు సంచులు. ఇరుగుపొరుగు నడుములన్నిటినీ ఒప్పించి తెచ్చింది. నీళ్లు కాచి గోడ మీంచి అందించడం తన పని. జాయింటు చుట్టూ కట్టి దుప్పట్లు కప్పడం మా పని. చల్లారినవి అటు, వేడివి ఇటు.

ఒక సంచి అందిస్తూ చేయి వదలకుండా అడిగింది.

"నా బావికి ఏం కాదు కదరా?"

తెలీదక్కా అన్నాను.

జనవరి 11

సంచులు. పగలూ రాత్రీ సంచులే.

జనవరి 12

చల్లారనిచ్చి చూస్తే మళ్లీ మోసపోతాం. వెచ్చగా ఉండగానే చూడాలి. దుప్పట్లు తీసి గోరుతో నొక్కాను. దిగలేదు. స్క్రూడ్రైవర్ కొసతో గీశాను. తెల్లటి గీత పడింది, అంతే. పిడితో తట్టాను. పింగాణీ గిన్నెలా మోగింది. ఇంకోసారి తట్టాను, వినడానికే.

మొన్నటి నా వేలిముద్ర అలాగే ఉంది. ఒక్కో గీతా కనిపిస్తోంది. ఇంకేం, తొట్టి నీ పేరున రిజిస్టర్ అయిపోయింది అన్నాడు బావ. తర్వాత తన వేలు ఆ గుంటలో పెట్టి, చాలాసేపు తీయలేదు.

మేం చేసింది పెద్దగా ఏమీ లేదు. కాస్త వెచ్చదనం ఇచ్చాం. ఎక్కడ ఆగిందో దానికి గుర్తుంది. చీకట్లో, దుప్పటి కింద, మిగతాది తనే చేసుకుంది.

గట్టిపడింది సరే. పైపు కదిలి ఉంటే కంటికి కనపడని సందు ఉంటుంది. అక్క బావి నీళ్లే తోడి, జాయింటు మునిగేదాకా తొట్టి నింపాం. నీటి మట్టం దగ్గర గీత గీశాను. రేపు చూడాలి.

జనవరి 13

నీళ్ల మీద పలచగా మంచు కట్టింది. గీత దగ్గరే ఉంది. కింద నీళ్లు జారిపోయినా మంచు అలా అంటుకునే ఉంటుంది.

వేలితో పొడిచాను. పగిలింది. మంచుకు ఆనుకునే నీళ్లు.

అక్క గోడ అవతల నిలబడి ఉంది. తడిసిన వేలు పైకెత్తి చూపించాను.