లోపలికి పోని గది

సౌత్ డకోటా
సెప్టెంబరు

ప్రెయిరీ గూస్ ట్రైలర్ల కంపెనీ, వారంటీ విభాగం వారికి ఆర్డిస్ హాల్వర్సన్ రాసేది ఏమనగా,

నేను స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషిని. నేనూ మా ఆయన వెర్ల్ ఉన్న ఇల్లు అమ్మేసి, మీ కంపెనీ ట్రైలర్ ఇల్లు కొనుక్కుని అందులోనే కాపురం ఉంటున్నాం. బటన్ నొక్కితే పక్కకి జరిగి బయటికొచ్చే గది ఒకటుంది కదా, మా మంచం ఉండేది అందులోనే. అది సగం బయటికొచ్చి ఆగిపోయింది. ఎంత నొక్కినా ముందుకూ రాదు, వెనక్కీ పోదు. పైగా దాని కప్పు కారుతోంది.

గది బయటికి ఉంటే బండి రోడ్డెక్కకూడదు. మంచు పడేలోగా మేం చలి తక్కువుండే అరిజోనా చేరాలి. ఇక్కడి చలికి ట్రైలర్లో నీళ్ల గొట్టాలు పగిలిపోతాయి, తలదాచుకోవడానికి మాకు ఇంకో చోటు లేదు. వారంటీ ఇంకా ఉంది. దయచేసి మనిషిని పంపించండి.

ఇట్లు,
ఆర్డిస్ హాల్వర్సన్

తా.క. వెర్ల్ గొడుగు వేసుకుని పడుకుంటున్నాడు. నిద్రలో దాన్ని నా వైపు వాలుస్తాడు. నీళ్లన్నీ నా మీదే.


ఇండియానా
సెప్టెంబరు

శ్రీమతి హాల్వర్సన్ గారికి,

మీ ఉత్తరం అందింది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. మా మెకానిక్ వచ్చే గురువారం మీ ఇంటి అడ్రసుకి వస్తాడు. వాహనాన్ని ఇంటి ముందు నిలిపి, అందులోని సామాను యావత్తూ ఇంట్లోకి చేర్చి సిద్ధంగా ఉండగలరు. మరమ్మతు జరుగుతున్నంతసేపూ మీరు ఇంట్లో విశ్రాంతి తీసుకోవచ్చు.

భవదీయుడు,
వెండెల్ గ్రేబర్
వారంటీ విభాగం

తా.క. ఇంట్లో కుక్క ఉంటే కట్టేయగలరు.


సౌత్ డకోటా
సెప్టెంబరు చివర

గ్రేబర్ గారికి,

మీ మెకానిక్ వచ్చాడట. మా దగ్గరికి కాదు, మా ఉత్తరాల పెట్టె దగ్గరికి. నేల మీద ఇల్లు లేనివాళ్లం కనుక, ఊళ్లో ఒక దుకాణంలో పెట్టె అద్దెకి తీసుకుని దాన్నే అడ్రసుగా ఇచ్చాం. అరచెయ్యంత ఇనప తలుపు దానికి. మీవాడు ఆ తలుపు తట్టి, కాసేపు ఆగి, మళ్లీ తట్టి, "ఇంట్లో ఎవరూ లేరు" అని చీటీ రాసి అందులో పడేసి వెళ్లాడని దుకాణం అమ్మాయి చెప్పింది.

సామాను ఇంట్లోకి చేర్చమన్నారు. ఆ ట్రైలరే మా ఇల్లు బాబూ. ఇంట్లోంచి ఇంట్లోకి ఎలా చేర్చేది?

ఇట్లు,
ఇంట్లోనే ఉన్న ఆర్డిస్

తా.క. కుక్క లేదు. ఉన్నా ఆ పెట్టెలో పట్టదు.


ఇండియానా
అక్టోబరు

శ్రీమతి హాల్వర్సన్ గారికి,

మీరు ప్రస్తుతం ఒక అద్దె పెట్టెలో నివసిస్తున్నారని తెలిసి చాలా బాధపడ్డాం. అయితే వసతి విషయం వారంటీ కిందికి రాదని మనవి. వాహనాన్ని దగ్గరలో ఉన్న మా డీలరు రోలీ క్రౌస్ గారి ఆవరణలో వదిలి, మీరు ఇంటికి వెళ్లిపోవచ్చు. గదిని జరిపే కొత్త మోటారుని ఆయనకే పంపిస్తాం.

భవదీయుడు,
వెండెల్ గ్రేబర్

తా.క. పెట్టెకి గాలి వచ్చేలా చూసుకోగలరు.


క్రౌస్ ట్రైలర్ల ఆవరణ నుంచి
అక్టోబరు

గ్రేబర్ గారికి,

పెట్టెలో ఉండేది ఉత్తరాలు, మేం కాదు. ఆ సంగతి అలా ఉంచండి.

చుట్టుపక్కల ట్రైలర్లవాళ్లు తలో భుజం వేసి గదిని లోపలికి నెట్టారు. వెర్ల్ తాళ్లతో కట్టాడు. నేను ట్రైలర్ని మా ట్రక్కుకి తగిలించి, మెల్లగా నడుపుకుంటూ రోలీ క్రౌస్ దగ్గరికి తెచ్చాను. అమ్మకానికి నిలిపిన కొత్త బళ్ల వరసల మధ్యకి వచ్చేసరికి తాడు తెగింది. గది మొత్తం బయటికొచ్చి కూర్చుంది. బండి ఇప్పుడు అంగుళం కదలదు.

రోలీ వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. "మోటారు వస్తేగాని చేసేదేం లేదమ్మా. బండి వదిలేసి ఇంటికెళ్లండి," అన్నాడు.

"అలాగే," అని లోపలికెళ్లి తలుపేసుకున్నాను.

చిక్కేమిటంటే, బళ్లు కొనేవాళ్లు మాదీ అమ్మకానికి పెట్టిందే అనుకుని లోపలికొచ్చేస్తున్నారు. నిన్న ఒకావిడ వంటగది చూసి, "ఎంత ముచ్చటగా సర్దారో, పొయ్యి మీద కూర కూడా ఉడుకుతోంది," అంది. ఒకాయన పరుపు మెత్తగా ఉందో లేదోనని దుప్పటి మీద నొక్కి చూశాడు. నొక్కింది వెర్ల్ పొట్ట. గడప తొక్కినవాళ్లని ఊరికే పంపలేను కదా. కాఫీ ఇచ్చి, గది పైకప్పు కారే చోటు, ఊడిన అతుకులు అన్నీ చూపిస్తున్నాను.

మోటారు వచ్చేదాకా ఇక్కణ్ణుంచి కదలను. కదలలేను కూడా.

ఇట్లు,
ఆర్డిస్

తా.క. "బండితోపాటు ఈ పెద్దాయన కూడా వస్తాడా?" అని ఒకమ్మాయి అడిగింది. ఆ రాత్రి వెర్ల్ గొడుగు వాల్చకుండా పడుకున్నాడు.


ఇండియానా
నవంబరు

శ్రీమతి హాల్వర్సన్ గారికి అభినందనలతో,

మీరు మా బండిని రోజూ ఎందరికో లోపలి దాకా తీసుకెళ్లి చూపిస్తున్నారనీ, మీరొచ్చాక తన అమ్మకాలు ఎన్నడూ లేనంతగా పెరిగాయనీ క్రౌస్ గారు రాశారు. మా ప్రచార విభాగంవారు సంతోషించి, మా కంపెనీ గుర్తయిన బాతు బొమ్మ ఉన్న టోపీ ఒకటి మీకు పంపుతున్నారు.

మోటారుని కిందటి నెలలోనే పంపాం. అందినట్టు క్రౌస్ గారు ఫోనులో చెప్పారు. అయినా మీరు అక్కడే ఉన్నారంటే ఇష్టపడే ఉన్నారని భావించి, మీ ఫిర్యాదుని ముగించాం.

భవదీయుడు,
వెండెల్ గ్రేబర్

తా.క. అమ్మకాలు అంత పెరిగినా క్రౌస్ గారు మా బళ్లు ఒక్కటీ కొత్తగా తెప్పించుకోలేదు. కారణం తమకు తెలిస్తే చెప్పగలరు.


నెబ్రాస్కా, అరిజోనా పోయే రోడ్డు పక్క నుంచి
డిసెంబరు

వెండెల్ గారికి,

మీ ఉత్తరం చేతికొచ్చిన పొద్దున్నే మొదటి మంచు పడింది. కుళాయి గడ్డకట్టింది. వెర్ల్ కోటు మీద కోటు వేసుకుని కూర్చున్నాడు. ఆయన ఒక్క మాటా అనడు. ఏమైనా అంటే నాకు తేలిగ్గా ఉండేది.

ఉత్తరం పట్టుకుని రోలీ ఆఫీసులోకెళ్లి, అతని ముందు పెట్టాను. చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు.

"మోటారెక్కడ రోలీ?"

"బల్ల కింద ఉందమ్మా."

"అక్కడెందుకుంది?"

మోటారుని కాలితో బల్ల కిందినుంచి ఇవతలికి తోశాడు. "పాతికేళ్లుగా బళ్లమ్ముతున్నాను. నా మాట ఒక్కడూ నమ్మలేదు. మీరేమో మీ కప్పు చూపించి, ఇది కారుతుంది కొనకండి, ఆ మూలనున్న వేరే కంపెనీ నీలం బండి చూడండి, దాని అతుకులు గట్టివి అంటే, జనం తిన్నగా వెళ్లి ఆ కంపెనీ బళ్లే కొన్నారు. మోటారు బిగిస్తే మీరు వెళ్లిపోతారు. రేపు బిగిద్దాం, రేపు బిగిద్దాం అనుకుంటూ ఇంతదాకా తెచ్చాను."

మీ తాజాకలానికి జవాబు కూడా అదే వెండెల్ గారూ.

నాకు ఒళ్లు మండింది. నవ్వు కూడా వచ్చింది గాని, పైకి రానివ్వలేదు. "నిజం చెప్పే మనిషి కావాలంటే జీతమిచ్చి పెట్టుకోవాలి రోలీ. ముసలివాళ్లని చలిలో కట్టేసి కాదు. లే. ఇప్పుడే బిగించు. కప్పు కూడా బాగుచెయ్యి. నేను నిలబడి చూస్తాను," అన్నాను.

పనివాళ్లని పిలవలేదు. మొహం చెల్లక కాబోలు, తనే మంచులో పడుకుని మోటారు బిగించాడు. బటన్ నొక్కగానే గది బుద్ధిగా లోపలికి జరిగింది. బండిని వెచ్చటి షెడ్డులోకి పట్టించి కప్పెక్కాడు. నిచ్చెన నేను పట్టుకున్నాను. లాగేస్తానేమోనని మధ్యమధ్య కిందికి చూస్తూ పని చేశాడు.

నిన్న రాత్రి ఇక్కడ వాన కురిసింది. ఇద్దరం మెలకువగా పడుకుని కప్పు మీద చప్పుడు విన్నాం. ఒక్క చుక్క లోపలికి రాలేదు. "ఆర్డిస్, ఇల్లు బాగుంది," అన్నాడు వెర్ల్. కొన్న దగ్గర్నుంచి ఆయన ఆ మాట అనడం ఇదే మొదలు.

ఇట్లు,
ఆర్డిస్ హాల్వర్సన్

తా.క. మేం బయల్దేరేముందు ఒక కొత్త జంట వచ్చి, "ఈ రోలీ ఎలాంటివాడండీ?" అని నన్నడిగారు. రోలీ పక్కనే నిలబడి నా మొహంకేసి చూస్తున్నాడు. అడిగాక ఉన్నమాట చెప్పాలి కదా. "బండి కొనండి, మోసం చెయ్యడు. మరమ్మతుకి మాత్రం ఇక్కడికి తేకండి. వచ్చినవాళ్లని వదిలిపెట్టలేడు," అన్నాను.