మూసేముందు ఇద్దరు చూడాలి

ఆదివారం, మధ్యాహ్నం

చిరంజీవి చిట్టికి,

మీ నాన్న కోపంగా రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం. నీ క్షేమం నేను అడగను. మీ అమ్మ పూటపూటా ఫోన్‌లో అడుగుతూనే ఉంది, పక్క గదిలో ఉన్నా నాకు వినబడుతూనే ఉంది. ఆశీస్సులు ఉత్తరం చివర చూద్దాం, అప్పటికి మనసొప్పితే.

నేను సగం చేసి ఉంచితే నువ్వు వెళ్తూ వెళ్తూ అతికించిపోయిన బాంబర్ విమానం బొమ్మ ఉందే, జిగురు ఆరేదాకా దానికి చుట్టి ఉన్న టేపు ఇవాళ విప్పాను. రంగు వేద్దామని చేతిలోకి తీసుకుంటే లోపల ఏదో గలగలలాడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. బాంబర్ల షెడ్డులో మెకానిక్కుగా తల నెరిసినవాణ్ణి. విమానం పొట్టలో ఒక్క నట్టు వదులుగా మిగిలితే చాలు, అది దొర్లి దొర్లి ఏ కంట్రోలు తీగ దగ్గరో ఇరుక్కుంటుంది, పైలట్ ఇంటికి రాడు. అందుకే మాకు ఒకటే నియమం, మూసేముందు ఇద్దరు చూడాలి. నేను చూశానని ఒక్కడు అంటే చాలదు, వాడు ఎంతటి మొనగాడైనా సరే. ఒక్క పానా తక్కువైనా విమానం షెడ్డు దాటేది కాదు, మేమూ దాటేవాళ్ళం కాదు. నువ్వు పుట్టినరోజున ఆసుపత్రికి రాకుండా, తప్పిపోయిన పానా కోసం విమానం తోకలో బోర్లా పడుకున్నానని మీ అమ్మ ఈనాటికీ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతుంది. ఇదంతా వింటూ పెరిగినదానివి, ఒక్కదానివే మూసేసి పోతావా?

లోపల ఏముందో నాకు తెలుసు. బొమ్మ ముక్కల పెట్టెతో పాటు వచ్చే బుల్లి బాంబులు. వాటిని నేనెప్పుడూ పెట్టను, పొట్ట తలుపులు మూసి అతికించేస్తాను. ఆ రోజు గొడవ మొదలైందీ అక్కడే. బాంబులేవి నాన్నా అన్నావు. పెడితే అందం పోతుందన్నాను. కాలిన గాయాల వార్డులో నర్సుని, అందం సంగతి నాకు చెప్పకు అన్నావు. విమానం క్షేమంగా తిరిగొచ్చేలా చూడటమే మా పని అన్నాను. మరి అది వెళ్ళొచ్చిన చోట మనుషుల సంగతేమిటని అడిగావు. కన్నతండ్రిని బోనులో నిలబెట్టినట్టు అడిగావు. అలా అనుకునేదానివి నా ఇంట్లో ఉండనక్కర్లేదని అనేసి వీధిలోకి పోయాను. తిరిగొచ్చేసరికి విమానం అతికించి ఉంది, నీ సంచీ లేదు.

పొమ్మంటే పోవడమేనా? పుట్టి బుద్ధెరిగాక నా మాట విన్నది ఈ ఒక్కసారేనా? పోతే పోయావు, పోతూ పోతూ నా విమానం కడుపులో ఆ బాంబులు పోసి పోవాలా? నన్ను దెప్పడానికి నీకు అంతకన్నా దారి దొరకలేదా?

మీ అమ్మ కోసి చూడమంటోంది. నేను కోయను. దాని ముక్కల అంచులు నున్నగా చేయడానికి నా కళ్ళు లాగేశాయి. అలాగే గలగలలాడుతూ అల్మారాలో ఉంటుంది. అడిగినవాళ్ళకి మా అమ్మాయి నిర్వాకమని చెబుతాను.

మీ నర్సుల హాస్టల్లో కిటికీ పక్కన పడుకోకు, నీకు చలిగాలి పడదు.

ఆశీస్సులు ఇవ్వబుద్ధి కాని,
మీ నాన్న

తా.క. కోశాను. బాంబులు నా బల్ల సొరుగులోనే ఉన్నాయి, మీ అమ్మ తీసి చూపించింది. లోపల ఉన్నది నీ దగ్గరుండే ఇంటి తాళంచెవి. నువ్వడిగినదానికి నా దగ్గర జవాబు లేదు, అందుకే అరిచాను. ఇప్పటికీ లేదు. విమానం రెండు ముక్కలూ, బాంబులూ, తాళంచెవీ బల్ల మీదే పెట్టాను. నేనొక్కణ్ణే అతికించను. మూసేముందు ఇద్దరు చూడాలి.