గుడి కంటే ముందు బడి

1988, ఆదివారం రాత్రి

ఎంత ప్రయత్నించినా నిద్ర రావడం లేదు. ముందు ఇది రాసెయ్యాలి.

మార్కండేయ గుడి ముందున్న పాత మంటపం కూల్చి దుకాణాలు కట్టాలని ఈ రోజు కమిటీ మీటింగ్ పెట్టింది. నాతో వచ్చిన మా అవ్వ ఉన్నట్టుండి లేచి నిలబడింది.

"ఇది మొదలు గుడి కాదు బిడ్డా, బడి. మన తెలుగు దిక్కు నుంచి ఈ పరాయి ఊరికొచ్చిన పంతులు ఈ మంటపంలనే కూసొని మన సాలోళ్ల పిల్లలకు సంస్కృతం చెప్పిండు. ఆయన పోయినంక శిష్యులే ఆ జాగల దేవుణ్ణి నిలిపిండ్రు."

ప్రెసిడెంటు నవ్వి, "సబూత్ ఏంది అవ్వా?" అన్నాడు.

అవ్వ కళ్లు మూసుకుని, "రామః, రామౌ, రామాః" అని అందుకుంది. జీవితమంతా బీడీలు చుట్టిన మా అవ్వకు సంస్కృతమా! నేను తేరుకునేలోపే వెనక నుంచి మరో గొంతు కలిసింది. "రామం, రామౌ, రామాన్." అది ప్రెసిడెంటు తండ్రిది! ఇద్దరూ చిన్నపిల్లల్లా ఊగుతూ చివరిదాకా చెప్పారు. ప్రెసిడెంటు తన తండ్రి మొహంలోకే చూశాడు. "కూలగొట్టుడు ఇప్పుడొద్దు" అన్నాడు.

ఇప్పుడొద్దు అంటే తర్వాతనా? ఈ ఇద్దరూ పోతే ఆ బడి సంగతి చెప్పేదెవరు? ఇంటికి వస్తుంటే కొంతం చౌక్ దగ్గర ఆగి, రేపటి నుంచి నాకూ నేర్పమని అవ్వను అడిగాను.

అవ్వ తన లోకంలో ఉంది. "ఆడు షష్ఠీ విభక్తి కాడ అప్పుడూ తప్పుతుండె, ఇయ్యాల గూడ తప్పిండు. పంతులుంటే చెవి మెలిపెట్టేటోడు" అని పకపకా నవ్వింది.