మగ ఈగల పాఠం

ఏప్రిల్ 28, సోమవారం. ఉదయం 6:10
మేడమీద సన్‌షేడ్‌కు తేనెపట్టు పట్టి పదిహేను రోజులు. నిన్న ఒక ఈగ పింకీ చెవి మీద కుట్టింది. పింకీ మా ఇంటివారు భాస్కరరావుగారి మనవరాలు. "ఆదివారం కాగడా పెట్టించేస్తానండీ" అన్నారాయన. కింది వాటాలో అద్దెకున్నవాణ్ణి, గట్టిగా ఏమంటాను? అప్పటిదాకా రోజూ ఏడింటికి వీధి పిల్లలకు తేనెటీగల పాఠం చెబుతానన్నాను. సరేనన్నారు. పిల్లలకు భయం పోతే పట్టు ఉంటుంది. లేకపోతే మంటే.
మండవల్లి చేపల చెరువుల మీద మోటార్లు బాగుచేసుకుంటూ బతికినవాణ్ణి. బడి ఐదుతో సరి. తేనెటీగల పుస్తకం మాత్రం రెండుసార్లు చదివాను. చాలు!
7:00. హాజరు 6. అట్టముక్కలతో ఆరు మూలల గదులు చేయించాను. ఒక్కటీ ఇంకోదానికి అతకలేదు. అయినా అద్భుతం!

ఏప్రిల్ 29, మంగళవారం
హాజరు 9! పూలు ఎటున్నాయో ఈగ నడుము ఊపి తోటివాటికి చెబుతుందని చెప్పాను. పింకీ ఊపింది. అందరూ అటే పరుగెత్తారు. అటు ఉన్నది ఇడ్లీ బండి. పాఠం అర్థమైనట్టే.

ఏప్రిల్ 30, బుధవారం
పట్టు ఆట. తొమ్మిదిమందీ రాణి ఈగలే. రోజుకు వందల గుడ్లు పెట్టాలి, సెలవు లేదు అన్నాను. ఎనిమిదిమంది రాజీనామా.
"మరి మగ ఈగలేం చేస్తాయి తాతయ్యా?" ఎదురింటి హరిణి.
"ఏ పనీ చేయవమ్మా. తిని కూర్చుంటాయి. అవసరం తీరాక ఆడవి బయటికి గెంటేస్తాయి."
చాలా శ్రద్ధగా విన్నది.

మే 1, గురువారం
7:20. పాఠం మధ్యలో భాస్కరరావుగారు దిగివచ్చారు.
"సత్యనారాయణగారూ, నేను తిని కూర్చుంటానని చెప్పారటగా?"
"ఈగల సంగతండీ."
మేడ మీంచి వారి భార్య సుబ్బాయమ్మగారు: "ఆయన చెప్పినదాంట్లో తప్పేముందండీ? తాగిన కాఫీ గ్లాసైనా తీశారా ఎప్పుడైనా?"
సాయంత్రానికి వీధిలో ఆడవాళ్లంతా పట్టు వైపు. మగవాళ్లంతా మంట వైపు.

మే 2, శుక్రవారం
పుప్పొడి పాఠం. సుబ్బాయమ్మగారి గుమ్మడి పాదు దగ్గర. దూదిపుల్లతో మగపువ్వు మీది పొడి ఆడపువ్వుకు అద్దాలి. మరిచిపోయిన పుల్లలు తేవడానికి లోపలికి వెళ్లాను. రెండే నిమిషాలు. వచ్చేసరికి పాదు మీద ఒక్క మగపువ్వు లేదు. మొగ్గలతో సహా.
"గెంటేశాం తాతయ్యా!"
సుబ్బాయమ్మగారూ మంట వైపు వెళ్లిపోయారు.

మే 3, శనివారం
ఎండ ఎక్కువ. గొంతు బాగాలేదు. పైగా శనివారం. పాఠం లేదు.
7:00. హాజరు 1. పింకీ. నేను తలుపు తీయలేదు.
7:40. ఇంకా మెట్ల మీదే కూర్చుంది. సరిగ్గా పట్టు కింద.

మే 4, ఆదివారం
6:30. కాగడా మనిషి అబ్రహాం నిచ్చెన వేశాడు. బయటికైతే వచ్చాను. గోడవారగా నిలబడ్డాను.
పింకీ వచ్చి నిచ్చెన మొదటి మెట్టు మీద కూర్చుంది.
"లేవమ్మా, మళ్లీ కుడతాయి" అన్నారు తాతగారు.
"ఊరికే కుట్టలేదు. నేనే పుల్ల పెట్టి పొడిచాను."
ఎవరికీ చెప్పలేదట. భాస్కరరావుగారు పింకీ చెవి వైపు ఒకసారి, పట్టు వైపు ఒకసారి చూశారు.
"ఇంకొక్క వారం అండీ." అన్నది నేనే!
"సరే. కానీ ఈసారి పాఠంలో నేనూ కూర్చుంటాను. మగాళ్ల తరఫున ఒకరుండాలి కదండీ."
సాయంత్రం 6:00. రేపటి నుంచి మళ్లీ మొదలు. ఏడింటికల్లా, ఒక్కరోజు తప్పకుండా! భాస్కరరావుగారికి ముందు వరసలో కుర్చీ అప్పుడే పడింది. సుబ్బాయమ్మగారు మోసుకొచ్చి వేశారు.