గడియ వేసుకున్న భోజనం

ఇంజనీరమ్మకు,

ఇక్కడ నేనూ, మీ అమ్మగారూ, పిల్లీ క్షేమం. అక్కడ నువ్వూ, నీ సొరంగమూ క్షేమమని తలుస్తాను. ఈ విషయం ఫోన్‌లో చెబుదామంటే మీ కొండ దగ్గర సిగ్నల్ మాటమాటకీ తెగిపోతుంది. తెగకపోతే నువ్వు మధ్యలో అడ్డు తగులుతావు. ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు కదా, అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

కిందటి ఉత్తరంలో నువ్వు మూడు సంగతులు అడిగావు. వంటింటి కుళాయి బాగుచేశానా అంటే, ఇంకా లేదు. ఊళ్లోవాళ్ల పంపులన్నీ బాగుచేసేవాడి ఇంట్లో కుళాయి కారడం సిగ్గుచేటని మీ అమ్మగారు రోజూ అంటూనే ఉన్నారు, నేను వింటూనే ఉన్నాను. పిల్లి కడుపుతో లేదు, అది ఒట్టి తిండి పొట్ట. ఇక మూడోది, "ఫోటోలో అమ్మ అలా చిక్కిపోయిందేం? సరిగ్గా పెట్టడం లేదా?" అని. ఈ ఉత్తరమంతా దానికే జవాబు.

చలికాలంలో వచ్చిన ఆ చిన్న పక్షవాతం నుంచి అత్తయ్యగారు కోలుకున్నాకే నువ్వు బయలుదేరావు. మూతి సర్దుకుంది, చెయ్యి సర్దుకుంది, నన్ను తప్పుపట్టే నోరు అన్నిటికన్నా ముందు సర్దుకుంది. గొంతు మాత్రం సర్దుకోలేదని అప్పుడు మనకెవరికీ తెలియదు. నువ్వెళ్లిన కొత్తల్లో తింటూ తింటూ ఆవిడకు పొలమారేది. వెంటనే నెత్తి మీద తట్టుకుని "అమ్మాయి తలుచుకుంటోంది" అని మురిసిపోయేవారు. నేనూ నమ్మాను. దగ్గు ఎక్కువవుతున్నకొద్దీ నీకు మా మీద బెంగ ఎక్కువవుతోందనుకున్నాం. నిజం చెప్పొద్దూ, నాకొక్కసారీ పొలమారదేమిటని ఉక్రోషంగా కూడా ఉండేది. "దాని ధ్యాసంతా నా మీదే బాబూ, ఏం చేస్తాం!" అని ఆవిడ నన్ను ఉడికించేవారు. అలా అత్తా అల్లుళ్లం నీ ప్రేమకు సంబరపడుతూ కూర్చున్నామే గానీ డాక్టరు మొహం చూడలేదు.

ఒకరోజు జావ తాగుతుంటే కాస్త ముక్కులోంచి బయటికొచ్చింది. ఆవిడ గబుక్కున చేతిరుమాలు అడ్డం పెట్టుకుని లేచి వెళ్లిపోయారు. ఆ పూట నుంచి పళ్లెం తన గదిలోకి పట్టుకెళ్లి గడియ వేసుకుని తినడం మొదలుపెట్టారు. నీకు తెలియనిదేముంది? నోట్లో తిండి పెట్టుకుని మాట్లాడిన పిల్లల్ని బెంచీ ఎక్కించిన హెడ్‌మిస్ట్రెస్ ఆవిడ. అల్లుడి ముందు ముక్కులోంచి జావ కారడమంటే తల కొట్టేసినట్టయింది.

నాకేమో ఏది చెడిపోయినా విప్పి చూస్తే గానీ నిద్రపట్టదు. మనిషి గొంతు విప్పలేను కదా! తలుపు బయట నిలబడి కూపీ లాగేవాణ్ని.

"అత్తయ్యగారూ, ముద్ద ఎటువైపు ఆగుతోంది? కుడా, ఎడమా? పైనా, కిందా?"

"మీ పంపుల పని మీరు చూసుకోండి బాబూ!"

అయినా ఊరుకోలేదు. తల పూర్తిగా పైకెత్తి, గ్లాసు ఎత్తిపట్టి గడగడా నీళ్లు పోసుకోమని సలహా పారేశాను. పైపు నిటారుగా ఉంటే ఇరుక్కున్నది దానంతటదే జారుతుందని నా లెక్క. ఖర్మ కాలి, ఆ ఒక్క సలహా ఆవిడ తు.చ. తప్పకుండా పాటించారు. మనిషి సగమైపోయింది ఆ రోజుల్లోనే. తింటే దగ్గు, దగ్గితే సిగ్గు, అందుకని తినడమే తగ్గించేశారు.

చివరికి ఆసుపత్రికి రావడానికి ఒప్పుకున్నారు. ఎలా ఒప్పుకున్నారన్నది తర్వాత చెబుతాను, కంగారుపడకు.

అక్కడ ఒక థెరపిస్టు అమ్మాయి ఉంది. మాట పడిపోయినవాళ్లకు మాటలూ, మింగలేనివాళ్లకు మింగడమూ నేర్పుతుంది. మింగడానికి కూడా ఒక టీచరుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. నోటి వెనకాల నాలుగు దారులు కలుస్తాయట: నోరు, ముక్కు, ఊపిరి గొట్టం, ఆహారం దిగే గొట్టం. మనం గుటక వేసిన ప్రతిసారీ అంగిలి వెనక ఉండే మెత్తటి భాగం పైకి లేచి ముక్కు దారి మూస్తుంది. కింద ఊపిరి దారీ మూసుకుంటుంది. ఆ కాసేపు ఊపిరి ఆపుతున్నామన్న సంగతే మనకు తెలియదు. అత్తయ్యగారికి ఎడమ పక్క కండరాలు ఇంకా నీరసంగా ఉన్నాయట, అందుకే పై మూత సరిగ్గా పడక ముక్కులోకి ఎగదన్నుతోంది, కింద ముద్ద సగంలో ఆగిపోతోంది. నేను ఉండబట్టలేక నా నీళ్ల సలహా సంగతి చెప్పాను. ఆ అమ్మాయి బుగ్గలు నొక్కుకుంది.

"అయ్యయ్యో! తల పైకెత్తితే ఊపిరి గొట్టానికి దారి తీసిపెట్టినట్టేనండీ. గొంతు పైపు కాదు. గడ్డం కిందికి దించాలి."

అత్తయ్యగారు నా వైపు చూసిన చూపు వర్ణించను, అది నీ మీద కూడా చాలాసార్లు పడిందే.

మింగేటప్పుడు ఎక్స్‌రే వీడియో తీయాలన్నారు. తెల్లటి మందు కలిపిన పెరుగూ, బిస్కెట్టూ మిషను ముందు కూర్చుని తినాలి. లోపల ఇద్దరు డాక్టర్లు, ఆ అమ్మాయి, సీసపు కోటు తొడుక్కుని నేను. "ఇంతమంది ముందు నేను తినను" అని ఆవిడ మొండికేశారు. పెద్ద డాక్టరు మెల్లగా చెప్పాడు: "ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతోందేమో చూడాలమ్మా. పోతుంటే నోటితో పెట్టడం ఆపి, ముక్కులోంచి గొట్టం వేసి పాలూ జావా పంపాల్సి ఉంటుంది." ఆవిడ మొహం పాలిపోయింది. నా చెయ్యి పట్టుకున్నారు. మన పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

తెర మీద ఆవిడ పళ్లు, దవడ, మెడ ఎముకలు. మందు వల్ల తెర మీద నల్లగా కనబడే పెరుగు ముద్ద నాలుక మీద అటూ ఇటూ దొర్లి, గుటుక్కున దిగింది. ఆవిడ తెర వైపే కన్నార్పకుండా చూస్తున్నారు.

"ఆగండి. అది నా గొంతేనా? మళ్లీ చూపించండి."

మళ్లీ చూపించారు.

"ఇదిగో, ఇక్కడ కొంత నిలిచిపోయింది చూశారా? ఎడమ పక్క!" అంటూ వేలు పెట్టి చూపించారు. బోర్డు ముందు నిలబడ్డట్టే ఉంది. ఆ అమ్మాయి నవ్వాపుకుని, "ఇప్పుడు తల ఎడమ వైపు తిప్పి, గడ్డం దించి, రెండుసార్లు మింగండి టీచరుగారూ" అంది. ఆవిడ అలాగే చేశారు. నీరసంగా ఉన్న పక్క మూసుకుని ముద్ద బలమైన పక్క నుంచి జర్రున జారిపోయింది. "పోయింది, పోయింది!" అని గదిలో అందరికన్నా గట్టిగా అరిచింది నేనే, సిగ్గులేకుండా. ఊపిరితిత్తుల్లోకి చుక్క పోలేదు. ఇలా జాగ్రత్తగా తింటే గొట్టం అక్కర్లేదన్నారు.

ఇప్పుడు ఇంట్లో పాఠశాల నడుస్తోంది. చిన్న ముద్దలు, ఏదైనా తడిపి మెత్తగా చేసుకోవడం, నోట్లో ముద్ద ఉండగా మాటల్లేవు, తిన్నాక అరగంట నిటారుగా కూర్చోవడం. ముక్కులో ఇరుక్కుంటే వేలు, పుల్ల పెట్టకూడదు. ఒక పక్క మూసి రెండో పక్క నుంచి మెల్లగా చీదాలి, కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో కడుక్కోవాలి. మొన్న ఆవిడ టార్చి, అద్దం తెచ్చి నన్ను నోరు తెరిచి "ఆ" అనమన్నారు. "మీ కొండనాలుక తిన్నగా లేస్తోంది, నాది ఒక పక్కకే లాగుతోంది. ఎంత విచిత్రం!" అని అద్దం వదలరే! రోజూ పొద్దున్న మీ అమ్మగారికి నా నోరు చూపించడం నా డ్యూటీ అయిపోయింది.

ఇక దాచిన మాట, ఆవిడ ఆసుపత్రికి ఎలా ఒప్పుకున్నారన్నది. ఆసుపత్రికి వెళ్లడానికి ముందు వారం, ఆవిడ గదిలో గడియ వేసుకుని ఉడికించిన గుడ్డు తింటున్నారు. గ్లాసు కిందపడ్డ చప్పుడైంది. దగ్గు లేదు, మాట లేదు. పిలిచాను, పలకలేదు. తలుపు కాలితో తన్నాను, భుజంతో గుద్దాను, గడియ ఊడి లోపలికి పడ్డాను. ఆవిడ గొంతు రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నారు, పెదాలు నల్లబడ్డాయి. ముందుకు వంచి రెండు భుజాల మధ్య అరచేత్తో బలంగా కొట్టాను. మీ అమ్మను కొట్టాను. మూడో నాలుగో దెబ్బకు పచ్చసొన ముద్ద బయటపడింది. నాకు భయమేసింది, చాలా భయమేసింది. నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆవిడకు ఊపిరి అందాక అన్న మొదటి మాట, "తలుపు ఎవరు బాగుచేయిస్తారు?" రెండోది, "అమ్మాయికి రాయకండి, పని వదిలేసి వచ్చేస్తుంది."

రాయనని మాటిచ్చాను. ఇప్పుడు తప్పుతున్నాను, ఎందుకంటే నువ్వు సూటిగా అడిగావు, నీకు అబద్ధం రాయడం నాకు చేతకాదు. రావద్దని ఆవిడ మాట. రావాలో వద్దో నీ ఇష్టమని నా మాట. అయితే రేపే మూటా ముల్లే సర్దుకోకు, ముందు నిన్నటి సంగతి విను.

ఆసుపత్రి నుంచి వచ్చాక కూడా ఆవిడ గదిలోనే తింటూ వచ్చారు. గడియ లేదు కాబట్టి తలుపు ఓరగా ఉండేది, నేను అటు వీపు పెట్టి హాల్లో కూర్చుని చెవులు రిక్కించేవాణ్ని. నిన్న మధ్యాహ్నం నేను తింటుంటే ఆవిడ తన గిన్నె తెచ్చుకుని, కుర్చీ లాక్కుని, నాకు ఎదురుగా కూర్చున్నారు. నాలుగు చెంచాలు బాగానే దిగింది. ఐదోదానికి దగ్గొచ్చింది, జావ ముక్కులోంచి కారింది. లేచిపోతారనుకున్నాను. నాకు ఎటు చూడాలో తెలియక పళ్లెంలోకి చూస్తూ కూర్చున్నాను. ఆవిడ రుమాలు తీసి, ఒక పక్క మూసి చీదారు, తుడుచుకున్నారు, మడతపెట్టి గిన్నె పక్కనే పెట్టుకున్నారు. గడ్డం దించి, రెండుసార్లు గుటక వేసి, అప్పుడు నా వైపు చూశారు.

"ఉప్పు ఇటివ్వండి బాబూ. జావ చప్పగా ఉంది" అన్నారు.

ఇట్లు,
మీ అమ్మగారి అల్లుడు