అక్క అడిగిన ఎంక్వైరీ

మార్చి 3, సోమవారం

అక్కకి గుండె ఆపరేషన్ పద్నాలుగున. ఇవాళ హాస్పిటల్లో చేర్చాం. బావ మందుల కోసం కిందికి దిగగానే నా చెయ్యి పట్టుకుని ఒక పని చెప్పింది. యేసు సమాధిలోంచి నిజంగా లేచాడో లేదో ఆపరేషన్ లోపు తేల్చి చెప్పాలట.

పద్దెనిమిదేళ్ళుగా బస్సు డిపోలో యాక్సిడెంట్ ఎంక్వైరీలు చేస్తున్నాను. ఎవరు అబద్ధమాడుతున్నారో నీకు తెలిసిపోతుంది కదా, ఆ పనే దీనికీ చెయ్యి అంది. నేను చర్చి గుమ్మం ఎక్కి ఇరవై ఏళ్ళయిందన్నాను. అందుకే నిన్ను అడుగుతున్నానంది.

ఆయన లేచి ఉంటే చిట్టి కూడా లేస్తుంది, లేకపోతే లేదు అంది. చిట్టి అక్క కూతురు. పోయి ఏడాదిన్నర. తొమ్మిదేళ్ళ పిల్ల. అప్పట్నుంచి అక్క ఒక్క ప్రార్థన కూడా చేయలేదట. బావకి తెలీదట. జాలిపడి అబద్ధం మాత్రం చెప్పకు అంది.

మార్చి 5

నాలుగు సువార్తలూ ముందేసుకుని కాగితం మీద నాలుగు గళ్ళు గీశాను, ఆఫీసులో గీసినట్టే. సమాధి దగ్గరికి వెళ్ళిన ఆడవాళ్ళు ఎంతమంది? రాసిన నలుగురిలో ఒకరు ఒక్కరి పేరే చెబుతారు, ఒకరు ఇద్దరంటారు, ఇంకొకరు ముగ్గురు. లోపల కనబడిన దేవదూతలు ఒకరా, ఇద్దరా? అదీ కుదరదు. ఒకరిదైతే ఆడవాళ్ళు హడలిపోయి పారిపోవడంతోనే ఆగిపోతుంది. తర్వాతి భాగం పాత ప్రతుల్లో లేదని అడుగున నోట్. ఇలాంటి ఫైలు నా టేబుల్ మీదికొస్తే టీ చల్లారేలోపు కొట్టేస్తాను.

అక్కకేం చెప్పను?

మార్చి 6

బావకి సంగతి తెలిసిపోయింది. ఫోన్ చేసి, అవునని ఒక్క ముక్క చెప్పేయ్, నోటి ముత్యాలేం రాలిపోవు అన్నాడు. ఆవిడ మనసు కుదురుగా ఉండాలని డాక్టర్ చెప్పాడట. ఒళ్ళు మండింది. మండింది ఎందుకంటే నేనూ అదే చేద్దామనుకుంటున్నాను.

మార్చి 8

సస్పెండైన డ్రైవర్ మళ్ళీ వచ్చాడు. ఫుట్‌బోర్డు మీంచి ప్రయాణికుడు జారిపడిన కేసు. తలుపు వెయ్యకుండానే బండి లాగాడని ఐదుగురి స్టేట్‌మెంట్లు, ఐదూ అచ్చు గుద్దినట్టు ఒకటే. అందుకే నమ్మదగినవని నేనే రాశాను. ఇవాళ మళ్ళీ చదివాను. ఐదుగురూ సదరు డ్రైవర్ అనే అన్నారు. సంచీ మోసుకుని బస్సెక్కిన మనిషి సదరు అంటాడా? ఇద్దరిని పిలిపించాను. కండక్టర్ చెబుతుంటే రాసిచ్చామని ఒప్పుకున్నారు.

నిజంగా చూసినవాళ్ళు తలా ఒక రకంగా చెబుతారు. కొత్తగా చేరినవాళ్ళకి ఈ ముక్క నేర్పేది నేనే. గడ్డి తిన్నాను.

సస్పెన్షన్ ఎత్తేయమని రాసి ఇంటికొచ్చాను. నాలుగు గళ్ళ కాగితం మళ్ళీ తీశాను.

మార్చి 11

కట్టుకథైతే మొదటి సాక్షులుగా ఆడవాళ్ళని ఎందుకు పెడతారు? ఆ రోజుల్లో వాళ్ళ సాక్ష్యానికి పెద్ద విలువ లేదంటున్నారు. యేసు బతికుండగా ఆయన్ని నమ్మని సొంత తమ్ముడు తర్వాత నమ్మాడు. ఆయన శిష్యుల్ని పట్టించి జైల్లో వేయించినవాడే తిరిగి ఆయన లేచాడన్న మాట మీద దెబ్బలు తిన్నాడు. తలుపులేసుకుని దాక్కున్న పిరికివాళ్ళు ఊరి నడిబొడ్డున నిలబడ్డారు. ఏదో చూశారు. అంతవరకూ నాకు ఖాయం.

కానీ అన్నీ నమ్మినవాళ్ళు రాసినవే. అదీ ఏళ్ళ తర్వాత. సమాధి కాపలావాళ్ళు ఇచ్చిన స్టేట్‌మెంట్ ఒక్కటీ లేదు. నమ్మినదాని కోసం ప్రాణమిచ్చేవాళ్ళు ప్రతి మతంలోనూ ఉన్నారు. పైగా పోయినవాళ్ళు కనబడటం, వినబడటం అంత వింతా? చిట్టి పోయిన నెలలో మెట్ల మీద దాని చెప్పుల చప్పుడు నేనే విన్నాను. రెండుసార్లు తలుపు తీసి చూశాను. ఇది ఎవరికీ చెప్పలేదు.

మార్చి 13, సాయంత్రం 5

చెప్పేశాను. సాక్షులు అబద్ధాలకోరులు కారు, దానికి సంతకం పెడతాను, లేచాడని మాత్రం పెట్టలేను అన్నాను. గుమ్మంలోంచి బావ చూసిన చూపు జన్మలో మర్చిపోను.

అక్క గోడవైపు తిరిగింది. తర్వాత, లేవలేదని సంతకం పెడతావా అని అడిగింది. పెట్టలేనన్నాను.

మార్చి 14, మధ్యాహ్నం 12

ఎనిమిదికి లోపలికి తీసుకెళ్ళారు. పదకొండుకి అయిపోవాలి. అవలేదు. బావ నాతో మాట్లాడటం లేదు. ఒక్క అబద్ధం ఆడి ఉంటే నాకేం పోయేది?

అదే రోజు, 3.30

ఆపరేషన్ అయింది. తెలివి రాలేదు.

మార్చి 15, ఉదయం 10.40

అక్క కళ్ళు తెరిచింది. చిట్టి ఏదని అడిగింది. ఇప్పటిదాకా మంచం పక్కనే నిలబడి ఉందట. మత్తు ఇంకా దిగలేదని నర్స్ అంది. ఒకే సాక్షి, అదీ మత్తులో.

ఏ రంగు గౌను వేసుకుందని అడిగాను.

జవాబు చెప్పకుండానే మళ్ళీ నిద్రలోకి జారింది. కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.