మరిదిగారి గోల్ఫ్ బంతులు

మరిదిగారూ,

గోల్ఫ్ మైదానం పక్కన ఇల్లు కట్టుకోవడం మా తప్పే, ఒప్పుకుంటాను. కానీ మా వంటింటి కిటికీ పగలగొట్టింది ఎవడో చేతకాని వెధవ అని మీ అన్నయ్యతో ఫోన్లో అన్నారట. ఆ మాట నేను అనలేదు, మీరే అన్నారు. గాజుముక్కల మధ్య దొరికిన బంతి మీద మీ పేరు, దాని కింద మీ హోదా, బంగారు రంగులో మెరిసిపోతున్నాయి.

ఆట మొదలుపెట్టి నెల తిరగలేదు, అప్పుడే ఛాంపియన్లు వాడే బంతులు కావాల్సొచ్చాయా? ఇన్నేళ్లుగా ఆడుతున్న నేనే వాటి జోలికి పోను. దెబ్బ పడగానే అవి గిర్రున తిరుగుతాయి. ఆట వచ్చినవాళ్లు కొడితే చెప్పినచోట ఆగుతాయి. మీరు కొడితే పక్కకి పోయేది ఇంకా పక్కకి పోతుంది, అంటే సరాసరి మా పోపుల డబ్బాలోకి.

ఆదివారం మీ మేనేజరుగారితో ఆట ఉందట కదా. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆడే మామూలు బంతులు దీంతోపాటు పంపుతున్నాను. ఇవి అంతగా తిరగవు, కాస్త తిన్నగా పోతాయి. నామోషీ పడకుండా వీటితోనే ఆడండి.

వీటి మీద మాత్రం పేరు వేయించకండి. మీ మేనేజరుగారిది మా పక్కిల్లే. వాళ్ల కిటికీలు మావాటికన్నా పెద్దవి.

మీ వదిన